తోలు నిలిచింది, రబ్బరు కుంగింది

పాత స్పోర్ట్స్ కారు సీటు పాడైందనగానే అందరి కళ్లూ తోలు మీదే పడతాయి. చిట్లిన తోలు, ఊడిన కుట్లు, రంగు వెలిసిన అంచులు. కొత్త కవర్లు తెప్పిస్తే పనైపోతుందనుకుంటారు. తెప్పించి తొడిగాక చూస్తే ముందు వైపు ముడతలు, మధ్యలో గుంట. కూర్చుంటే కళ్లు స్టీరింగ్ అంచు మీదుగా కాకుండా దాని సందులోంచి రోడ్డును చూస్తుంటాయి. ఆ సీటులో ప్రాణం పోయింది తోలుకి కాదు, తోలు కిందున్న వాటికి. ఉంచుకోదగ్గదాన్ని పారేసి, పారేయాల్సినదాన్ని లోపలే వదిలేస్తున్నాం. ఇది కార్ల సరదా ఉన్నవాళ్ల మధ్య ఎంత మామూలైపోయిందంటే, అరవై ఏళ్లు బతికిన మంచి తోలు చెత్తబుట్టలో కనబడినా ఎవరికీ బాధ కలగడం లేదు. నాకు కలుగుతుంది. ఎందుకో చెప్పాలంటే సీటులోని ఒక్కో పదార్థం ఎలా ముసలిదవుతుందో చూడాలి.

ఉదాహరణకి ఎంజీబీని తీసుకుందాం. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లో ఉన్న అబింగ్డన్ అనే చిన్న ఊళ్లో 1962 నుంచి 1980 దాకా తయారైన కారు ఇది. ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి కాబట్టి సీటు పని నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి కారు లేదు. తొలి ఏళ్ల కార్లలో ఒంటికి తగిలే భాగం తోలు, పక్కలకి రెక్సిన్. 1970 మోడళ్ల నాటికి అంతా వినైల్ అయింది. డెబ్బైల రెండో సగంలో బ్రిటన్‌లో అమ్మిన కార్లకి చారల నైలాన్ గుడ్డ కూడా వచ్చింది. పైన ఏదున్నా లోపలి కట్టుబడి మాత్రం ఒకటే తీరు. ఉక్కు ఫ్రేము, ఆ ఫ్రేములో బిగదీసి కట్టిన రబ్బరు, దాని మీద ఫోమ్ దిమ్మ, దాని మీద కవరు.

సీటు ఊడదీస్తే కథంతా అక్కడే కనబడుతుంది. నేలకి నాలుగు బోల్టులు ఉంటాయి. పట్టాల కింద ఎత్తు కోసం పెట్టిన సన్నని చెక్క పట్టీలు ఉంటాయి. పైకప్పు గుడ్డదే కాబట్టి వాన నీరు ఎప్పుడో ఒకప్పుడు కార్పెట్ కిందికి చేరుతుంది, ఆ చెక్క దాన్ని పీల్చుకుని నెలల తరబడి పట్టుకుంటుంది. బోల్టు తుప్పు పట్టి కదలకపోవడం, చెక్క పొడిపొడిగా రావడం, కింద నేల రేకు చిల్లు పడటం, మూడూ ఒకచోటే జరుగుతాయి. సీటును బయటికి తీసి బోర్లించగానే పసుపు, గోధుమ రంగు కలిసిన పొడి జలజలా రాలుతుంది. అది దుమ్ము కాదు, ఫోమే. ముక్కుకి మాస్కు కట్టుకోకుండా ఆ పొడిని దులపకూడదు. పొడి దులిపాక ఫ్రేము మధ్యలో ఒక నల్లటి రబ్బరు షీటు వేలాడుతూ కనబడుతుంది. దాని అంచుల్లోని కన్నాల్లోంచి తీగ కొక్కేలు ఫ్రేముకి తగిలించి ఉంటాయి. కన్నాల దగ్గర చూడండి. ఒక్కో కన్నం నుంచీ చీలిక బయల్దేరి ఉంటుంది. కొన్ని కొక్కేలు రబ్బరును కోసుకుని ఊడిపోయి, కవరు లోపల ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి. వేలితో రుద్దితే కొన్నిచోట్ల నల్లగా అంటుకుంటుంది, కొన్నిచోట్ల గీరుకుపోయే పెంకులా ఉంటుంది.

ఒకే షీటు ఒకచోట జిగటగా, ఇంకోచోట పెళుసుగా ఎందుకైంది? రబ్బరు చెట్టు పాలలోంచి వచ్చే అణువు చాలా పొడవైన గొలుసు. గొలుసులో ప్రతి కొక్కీలోనూ ఒక జంట బంధం ఉంటుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి కాచి, ఈ గొలుసుల్ని ఒకదానితో ఒకటి అక్కడక్కడ ముడివేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ ముడుల వల్లే లాగిన రబ్బరు వదలగానే వెనక్కి వస్తుంది. కానీ ఆ జంట బంధాలు మిగిలే ఉంటాయి, గాలిలోని ఆక్సిజన్‌కి అవే దారి. ఆక్సిజన్ సోకినచోట గొలుసు తెగితే రబ్బరు మెత్తబడి జిగటవుతుంది. తెగిన కొసలు అతిగా కొత్త ముడులు వేసుకుంటే గట్టిపడి పెళుసవుతుంది. వేడి, నూనె మరక, లోహం తగలడం, వీటిలో ఏది ఎక్కువైతే దాన్నిబట్టి పక్కపక్కనే రెండూ జరుగుతాయి.

ఓజోన్ చేసే పని ఇంకా విచిత్రం. గాలిలో అది ఉండేది పది కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లే. అయినా సాగదీసి ఉన్న రబ్బరును అది కోస్తుంది, సాగదీయని రబ్బరు జోలికి పెద్దగా పోదు. పగుళ్లు ఎప్పుడూ లాగుడికి అడ్డంగా పడతాయి. ఇప్పుడు సీటు సంగతి ఆలోచించండి. ఆ షీటు కారు నడిచినా నడవకపోయినా, ఎవరు కూర్చున్నా కూర్చోకపోయినా, రాత్రీ పగలూ కొక్కేల మధ్య లాగబడే ఉంది. లాగుడు అన్నిటికన్నా ఎక్కువుండేది కన్నాల అంచున. అందుకే ముప్పై ఏళ్లుగా షెడ్డులో కప్పిపెట్టిన, కొన్ని వేల మైళ్లే తిరిగిన కారులో కూడా సీటు కుంగే ఉంటుంది. తక్కువ తిరిగిందని చూసి మోసపోకూడదు.

కుంగడానికి మరో కారణం ఉంది. సాగి ఉన్న స్థితిలోనే కొన్ని గొలుసులు తెగి, ఆ స్థితిలోనే కొత్త ముడులు పడతాయి. ఆ కొత్త ముడులకి సాగడమే సహజ స్థితి. కొక్కేలు తీసేశాక కూడా పాత కొలతకి రాకుండా అవే అడ్డుపడతాయి. ఇలా సాగిపోయిన షీటును బాగుచేసే మందు ఏదీ లేదు. పైన పూతలు పూసినా, కొక్కేల్ని దగ్గరికి లాగి కట్టినా, తెగిన గొలుసు అతుక్కోదు. రబ్బరు విషయంలో మమకారం పనికిరాదు. తీసేసి కొత్తది వేయడమే.

ఫోమ్‌కి రెండు వంశాలున్నాయి. పాతది లేటెక్స్ ఫోమ్. 1929లో బర్మింగ్‌హామ్‌లోని డన్‌లప్ కంపెనీలో మర్ఫీ బృందం రబ్బరు పాలని సబ్బుతో నురగ వచ్చేలా చిలికి, గడ్డకట్టించి, గంధకంతో కాచి తయారుచేసింది. రెండోది పాలియురెథేన్. దాని రసాయనాన్ని 1937లో జర్మనీలో ఓటో బేయర్ రూపొందించాడు, మెత్తని ఫోమ్‌గా అది మార్కెట్లోకి విరివిగా వచ్చింది 1950ల్లో. అందులో ఐసోసయనేట్ అనే రసాయనం నీటితో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఇడ్లీ పిండి పులిసి పొంగడానికి కారణమైన వాయువే ఇక్కడ ప్లాస్టిక్‌ని పొంగిస్తుంది, ఆ పొంగు దిగకముందే గట్టిపడిపోతుంది. దగ్గరగా చూస్తే ఫోమ్ అంటే సన్నని కడ్డీలతో అల్లిన గదులు. గదుల గోడలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి మనం కూర్చున్నప్పుడు కడ్డీలు వంగుతాయి, గాలి బయటికి పోతుంది, లేచినప్పుడు మళ్లీ లోపలికి వస్తుంది. కడ్డీలు వంగడం వల్ల స్ప్రింగు గుణం, గాలి ఇరుకు సందుల్లోంచి దూరడం వల్ల కుదుపును చంపే గుణం వస్తాయి.

లేటెక్స్ ఫోమ్ చచ్చేది రబ్బరులాగే. లోపల అంతా సన్నని గోడలే కాబట్టి ఆక్సిజన్‌కి దొరికే ఉపరితలం షీటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే అది పెళుసై పొడవుతుంది. పాలియురెథేన్‌లో ఒక రకాన్ని తేమ కొరుకుతుంది, ఇంకో రకాన్ని వెలుతురూ ఆక్సిజనూ కొరుకుతాయి. ఫోమ్ ఎంతకాలం నిలుస్తుందో తెలుసుకోడానికి పరిశ్రమలో ఒక పరీక్ష ఉంది. ముక్కని సగం మందానికి నొక్కి, 70 డిగ్రీల వేడిలో 22 గంటలు ఉంచి, వదిలిన అరగంటకి ఎంత మందం తిరిగొచ్చిందో కొలుస్తారు. పైకప్పు తీసి ఎండలో నిలిపిన కారు సీటు ఈ పరీక్షనే ఏళ్ల తరబడి ఎదుర్కొంటోంది.

కొత్త ఫోమ్ కొనేటప్పుడు చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. విజయవాడ ఆటోనగర్‌లో అయినా బర్మింగ్‌హామ్‌లో అయినా కుషన్ షాపుకి వెళ్లి వేలితో నొక్కి చూసి, గట్టిగా ఉంది కాబట్టి మంచిదనుకుంటారు. గట్టిదనం వేరు, సాంద్రత వేరు. ఘనపు మీటరుకి ఎన్ని కిలోల పదార్థం ఉందో చెప్పేది సాంద్రత. ఫోమ్ ఎన్నాళ్లు నిలుస్తుందో దాదాపుగా చెప్పేది అదే. ఎంత బరువు పెడితే ఎంత దిగుతుందో చెప్పేది గట్టిదనం. తక్కువ సాంద్రతతో గట్టి ఫోమ్ చేయొచ్చు. అది షాపులో బాగుంటుంది, రెండేళ్లలో కుంగుతుంది. ఎక్కువ సాంద్రతతో మెత్తని ఫోమ్ కూడా చేయొచ్చు. కారు సీటుకి కావలసింది మొదట కొంచెం లొంగి, దిగేకొద్దీ గట్టిగా ఎదిరించే రకం. దీన్ని కొలవడానికి 203 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి పలకతో ఫోమ్‌ని 25 శాతం లోతుకీ, 65 శాతం లోతుకీ నొక్కి, రెండోదానికి మొదటిదానికన్నా ఎన్ని రెట్ల బలం కావాల్సొచ్చిందో చూస్తారు. రెట్లు ఎక్కువుంటే ఫోమ్ అడుగంటదు.

ఇక్కడే ఒక అడ్డదారి గురించి చెప్పాలి, దానివల్ల పాడైన సీట్లు చాలా ఉన్నాయి కాబట్టి. రబ్బరు షీటు దొరకలేదనో, ఖర్చెందుకనో ఫ్రేములో ప్లైవుడ్ పలక బిగించి, దాని మీద రెండంగుళాల గట్టి ఫోమ్ పెడతారు. చూడ్డానికి కొత్త సీటే. దీని లెక్క ఒకసారి వేద్దాం. సీటు స్ప్రింగు, మనిషి బరువు. మనిషి కూర్చున్నప్పుడు సీటు ఎంత దిగుతుందో తెలిస్తే, దాని సహజ కంపనం సెకనుకి ఎన్నిసార్లో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. ఐదు సెంటీమీటర్లు దిగే సీటు సెకనుకి రెండుసార్ల చొప్పున ఊగుతుంది. ఒక్క సెంటీమీటరే దిగే సీటు సెకనుకి ఐదుసార్ల చొప్పున ఊగుతుంది. కూర్చున్న మనిషి నడుమూ వెన్నూ నిలువు కుదుపులకి అన్నిటికన్నా ఎక్కువగా స్పందించేది సెకనుకి నాలుగు నుంచి ఆరు కంపనాల మధ్య. అంటే ప్లైవుడ్ సీటు రోడ్డు కుదుపుని సరిగ్గా వెన్నెముకకి నచ్చని తాళంలోనే పెంచి అందిస్తోంది. అబింగ్డన్ వాళ్లు రబ్బరు షీటు పెట్టింది పైసలు మిగుల్చుకోడానికి మాత్రమే కాదు. స్పోర్ట్స్ కారులో నేలకీ సీటుకీ మధ్య లోతైన స్ప్రింగులకి చోటుండదు, పలచటి షీటు మాత్రం ఆ కొద్ది చోటులోనే కొన్ని సెంటీమీటర్లు దిగనిస్తుంది. ఆ షీటు స్థానంలో షీటే రావాలి.

జర్మన్లు వేరే దారిలో వెళ్లారు. ఫోక్స్‌వాగన్ బీటిల్‌లోనూ, మెర్సిడెస్ కార్లలోనూ ఉక్కు స్ప్రింగుల మీద, రబ్బరు పాలు చల్లి అతికించిన గుర్రపు వెంట్రుకల, కొబ్బరి పీచు దిమ్మలు వాడారు. కోనసీమ వాళ్లకి పీచు గుణం చెప్పనక్కర్లేదు. గాలి ఆడుతుంది, తేమ నిలవదు. పీచుని పట్టి ఉంచిన రబ్బరు పొడైపోయాక మాత్రం దిమ్మ విడిపోయి, ఒక్కో పీచూ కవరులోంచి గుచ్చుకుంటుంది.

ఇక తోలు. తోలు చావు ఇలాంటిది కాదు, దాన్ని అర్థం చేసుకోడానికి మద్రాసు దాకా రావాలి.

పశువు చర్మంలో ముఖ్యమైన పదార్థం కొల్లాజెన్ అనే ప్రొటీన్. దాని నిర్మాణం చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అది మూడు పేటల తాడని ప్రతిపాదించారు. తర్వాతి ఏడాది, ఆ మూడు పేటలూ ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి ఉంటాయని దాన్ని మెరుగుపరిచారు. ప్రతి పేటలోనూ ప్రతి మూడో స్థానంలో గ్లైసీన్ అనే అతి చిన్న ఎమినో ఆమ్లం ఉంటుంది. అంతకన్నా పెద్దది ఏదున్నా మూడు పేటలూ అంత దగ్గరగా పెనవేసుకోలేవు. వాళ్ల ప్రయోగాలకి నమూనాలు అందింది పొరుగునే ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ నుంచి. 1948లో మొదలైన ఆ సంస్థకి 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నది తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. తోలు పని అంటే చిన్నచూపు చూసే సమాజంలో, అది పట్టభద్రులు గర్వంగా చేయదగ్గ శాస్త్రమని చూపించిన మనిషి.

ఆ మూడు పేటల తాళ్లు వందలు వేలుగా కలిసి పోగులై, పోగులు కలిసి కట్టలై, కట్టలు అన్ని దిక్కులకీ అల్లుకుని చర్మమవుతాయి. పచ్చి చర్మం తడిలో 60, 65 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. పేటలు విడిపోయి జిగురుగా మారతాయి. తోలు పదును చేయడమంటే ఈ పేటల మధ్య ఊడిపోని లంకెలు వేయడమే. మన దక్షిణాదిన తరతరాలుగా తంగేడు చెక్కతో వేశారు. అలా పదునైన తోళ్లు మద్రాసు రేవు నుంచి బ్రిటన్‌కి ఓడల కొద్దీ వెళ్లేవి. చెట్ల చెక్కతో పదును చేసిన తోలు 75, 85 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చిన క్రోమియం పద్ధతిలో చేసినది మరిగే నీటికి కూడా ముడుచుకోదు. ఈ లంకెల వల్లే రబ్బరుకి లేని ఓర్పు తోలుకి వచ్చింది. రబ్బరు గొలుసు ఒకచోట తెగితే బలం అక్కడికక్కడ పోతుంది. తోలులో కొన్ని పేటలు తెగినా పక్క పోగులు బరువు మోస్తాయి.

మరి సీటు మీద కనబడే ఆ పగుళ్లు? చాలావరకు అవి తోలువి కావు, తోలు మీది రంగు పూతవి. అప్పటి బ్రిటిష్ సీటు తోలుకి రంగుని లక్కలాంటి పూతగా పైన పట్టించేవారు. ఆ పూత ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కి, మనిషి ఎక్కి దిగే అంచున వంగలేక చిట్లుతుంది. కింద తోలులో పోగులు జారడానికి పెట్టిన కొవ్వు కూడా కొంత పోయి ఉంటుంది కాబట్టి బిగుసుకుని ఉంటుంది. ఈ రెండూ బాగుచేయదగ్గవే. తోలు బతికుందో లేదో తెలుసుకోవాలంటే కవరు విప్పి, కింది వైపు చూడాలి. గోటితో కొంచెం గీరి చూస్తే పొడవాటి పోగులు లేస్తే, మెల్లగా మడిచినప్పుడు కాగితంలా చటుక్కున విరక్కపోతే ఆ తోలుకి ఇంకా చాలా ఆయుష్షుంది. ఎర్రటి పొడి రాలుతూ, లాగితే అటుకుల్లా తెగిపోతే మాత్రం ప్రాణం పోయినట్టే.

బతికున్న తోలుకి చేసే వైద్యంలో తొందర కూడదు. మురికిని తేలికపాటి సబ్బు నీటితో, అతి తక్కువ తడితో తీయాలి. చిరిగినచోట వెనక నుంచి సన్నని గుడ్డ, వంగే జిగురుతో అతికించాలి. పగుళ్లలో మెత్తని పూడిక నింపి, ఆరాక సన్నని గరుకు కాగితంతో రుద్ది, చివరికి వంగే గుణమున్న నీటి రంగు పూత పలచగా నాలుగైదు సార్లు చల్లాలి. నూనె పోసి నానబెట్టడం మాత్రం వద్దు. పైపూత చెక్కుచెదరనిచోట నూనె లోపలికి పోదు, పగిలినచోట మాత్రం అతిగా పోయి పోగుల్ని వదులు చేస్తుంది, తర్వాత వేసే రంగుని అంటుకోనివ్వదు. హీట్‌గన్ కూడా ప్రమాదమే. బాగా క్షీణించిన తోలు ముడుచుకునే వేడి కొత్త తోలుకన్నా చాలా కిందికి దిగిపోయి ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు వేడి తగిలితే కళ్లముందే ముడుచుకుని, మళ్లీ ఎప్పటికీ విచ్చుకోదు.

చాలాసార్లు తోలుకన్నా ముందు పోయేది కుట్టు దారం. ఎండకీ చెమటకీ అది నుసిగా మారుతుంది. కొత్త దారంతో కుట్టేటప్పుడు మిషను మీద పెట్టి ఆడిస్తే సూది పాత కన్నాల పక్కన కొత్త కన్నాలు వేస్తుంది, ఆ గీత వెంటే తోలు చిరుగుతుంది. పాత కన్నాల్లోంచే, చేత్తో, రెండు సూదులతో కుట్టాలి. ఓపికగల మేస్త్రీ దొరికితే అతని కూలి గురించి బేరమాడొద్దు.

వినైల్‌కి ఈ మన్నన అక్కర్లేదు. వినైల్ అంటే పీవీసీ, అది స్వతహాగా గట్టి ప్లాస్టిక్. నీటి పైపులు దానితోనే చేస్తారు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ దానిలో నూనెలాంటి ద్రవాలు కలిపి మెత్తబరిచాడు. ఆ ద్రవం ప్లాస్టిక్‌తో బంధం వేసుకోదు, ఊరికే మధ్యలో కూర్చుంటుంది. ఎండ తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం ఎగిరిపోయి, ముందు అద్దం లోపలి వైపు మసకలా పేరుకుంటుంది. పోయిన ద్రవాన్ని మళ్లీ లోపలికి ఎక్కించలేం. కుట్టు దగ్గర చిట్లిన వినైల్ కవరుని మార్చేయడమే న్యాయం. పాత నమూనాలోనే, అవే చాళ్లు, అదే రంగు పైపింగ్‌తో మార్చాలి.

కొత్త తోలే కోయాల్సి వస్తే, చర్మంలో ఏ భాగం ఎక్కడికి పోవాలో చూసి కోయాలి. వెన్ను వెంట పోగులు దట్టం, సాగదు. పొట్ట వైపు వదులు, సాగుతుంది. కూర్చునే పలకకి వెన్ను భాగం, కనబడని పక్కలకి అంచు భాగం. రెండు సీట్లకీ ఒకే చర్మంలోంచి జతగా కోస్తే వయసొచ్చాక రెండూ ఒకేలా వాడిపోతాయి.

ఇక బిగింపు. కొత్త షీటు కొక్కేలకి తగిలించి, ఫోమ్ పెట్టి, దాని మీద పలచటి ప్లాస్టిక్ కాగితం కప్పాలి. కవరు ఫోమ్ మీద జారకుండా పట్టేసుకుంటే మూలలు ఎప్పటికీ సరిగా కూర్చోవు, ఆ కాగితం జారనిస్తుంది. వినైల్ అయితే అరగంట ఎండలో పెడితే సాగుతుంది. మధ్య చాళ్లు ముందు సరిచూసుకుని, అక్కణ్నుంచి బయటికి లాగుతూ, ఎదురెదురు అంచుల్ని జంటగా ఫ్రేముకి స్ప్రింగు క్లిప్పులతో బిగించాలి. కాస్త బిగువుగా అనిపించినా ఫర్వాలేదు, మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఫోమ్ కొంచెం సర్దుకుంటుంది. పరుపుల ఫోమ్ మిగిలిందని ఇందులో పెట్టకూడదు. కారు లోపలి సామాను నిమిషానికి 102 మిల్లీమీటర్లకన్నా వేగంగా అంటుకోకూడదని అమెరికాలో 1972 నుంచి అమలవుతున్న నియమం ఊరికే రాలేదు. వాహనాలకని తయారైన ఫోమ్ అడిగి తీసుకోండి.

సీటుని మళ్లీ కారులో పెట్టేముందు పట్టాలకి గ్రీజు రాసి, కుళ్లిన చెక్క పట్టీల బదులు అదే మందంతో, తేమ పట్టని పూత వేసినవి పెట్టాలి. నాలుగు బోల్టులూ కొత్తవే వేయాలి. కూర్చుని, సీటుని ముందుకీ వెనక్కీ జరిపి, లాకు ప్రతి గాడిలోనూ పూర్తిగా పడుతోందో లేదో చూడాలి. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు మనిషి వెన్ను ఆనే సీటుని కదలకుండా పట్టేది ఆ లాకే.